పదకొండు గంటల దాకా

శనివారం మధ్యాహ్నం ఇస్త్రీ తాను పదకొండేళ్ళుగా పనిచేస్తున్న హోటల్లోకి మొదటిసారి ముందు తలుపులోంచి వచ్చింది.

ఇస్త్రీ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఆమె పరిచిన దుప్పటి మీద భూతద్దం పెట్టి వెతికినా ముడత దొరకదని తోటి ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు. చివరికి జీతాల చీటీ మీద తప్ప ఇంకెక్కడా ఆమె అసలు పేరు మిగల్లేదు. ఏడాదికోసారి ఆ హోటల్ వాళ్ళు పనివాళ్ళలో ఒకరిని ఉత్తమ ఉద్యోగి అని ఎంచి, రెండు రోజులు అదే హోటల్లో అతిథిగా ఉంచుతారు. వెంట ఒకరిని తెచ్చుకోవచ్చు. ఆమె భర్త ఎయిర్‌పోర్టు దగ్గర టాక్సీ నడుపుతాడు. "విమానాల కింద పడుకోవడానికి మనిల్లు చాలదూ? అమ్మని తీసుకుపో," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేలోపే అత్తగారు సంచీ సర్దేసుకుంది.

హోటలంటే పెద్ద హోటలేం కాదు. రెండంతస్తులు, ఇరవై నాలుగు గదులు, ముందు సముద్రం. వెనకాల తోట దాటితే ఎయిర్‌పోర్టు గోడ. వచ్చేవాళ్ళంతా విమానం మారేవాళ్ళే, ఒక పూట ఉంటారు, పోతారు. విమానం దిగేటప్పుడు కిటికీ అద్దాలు గలగలమంటాయి. ఆ తర్వాత మళ్ళీ అలల చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

కౌంటర్లో అమ్మాయి నవ్వాపుకోలేక పెదవి కొరుక్కుంటూ, "రండి మేడమ్, ఏడో గది మీది," అంది. మేనేజరు పూలగుత్తి చేతిలో పెట్టి ఫొటో తీయించాడు. ఫొటో అవగానే ఆ పూలగుత్తి వెనక్కి తీసుకుని మళ్ళీ కుండీలో పెట్టించాడు.

"హాయిగా ఉండు... ఉండండి," అన్నాడు. "ఒక్క విషయం. భోజనాల హాల్లో ఆ మూల టేబుల్ తీసుకుంటే బాగుంటుంది. మిగతా గెస్టులుంటారు కదా."

"మూలెందుకు నాయనా?" అంది అత్తగారు. "మాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. సముద్రం పక్కనే కూర్చుంటాం."

మేనేజరు నీళ్ళు నమిలాడు. ఇస్త్రీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. అత్తగారితో వచ్చినందుకు అప్పుడే చెంపలేసుకుంది. తర్వాత రెండు రోజుల్లో ఎన్నిసార్లు తీసుకురావడమే మంచిదైందనుకుందో లెక్కలేదు.

ఏడో గది పై అంతస్తులో ఉంది. ఆ అంతస్తులోని పద్నాలుగు గదుల పనీ, అందరూ పెద్దక్క అని పిలిచే పాత పనిమనిషిది. ఇస్త్రీ చేరిన కొత్తలో దుప్పటి మూల ఎలా మడవాలో, దిండు ఎటు తిప్పి పెట్టాలో చేయి పట్టుకుని నేర్పింది ఆమే. మెట్ల దగ్గర పెద్దక్క సంచీ అందుకోబోయింది. ఇస్త్రీ వదల్లేదు. ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని లాగారు.

"వదలవే తల్లీ, ఆయన చూస్తున్నాడు. గెస్టు సంచీ గెస్టు మోస్తే నాకు చివాట్లు," అంది పెద్దక్క.

"నీ మోకాళ్ళతో నువ్వు మోస్తే నాకు పాపం."

సంచీ మోసింది పెద్దక్కే. ఒక్కో మెట్టూ ఎక్కి, ఒక్కో మెట్టు మీదా ఆగి. గదిలోకి రాగానే ఇస్త్రీ బాల్కనీలో ఉన్న పేము కుర్చీ జరిపి, "ఒక్క నిమిషం కూర్చో," అంది.

"నన్ను చంపుతావా ఏమిటే!" అని పెద్దక్క రెండడుగులు వెనక్కి వేసింది.

ఆ భయం ఊరికే రాలేదు. ఆ హోటల్లో పనివాళ్ళు కూర్చోకూడదు. గదుల్లో, వరండాలో, తోటలో, అతిథి కళ్ళబడే చోట ఎక్కడా. అతిథి కళ్ళబడని దుప్పట్ల గదిలో కుర్చీయే లేదు. పోయిన నెల పద్నాలుగో గది తుడిచాక మోకాళ్ళు మొరాయించి పెద్దక్క బాల్కనీ కుర్చీలో రెండంటే రెండు నిమిషాలు కూర్చుంది. ఆ గదాయన చూసి కార్డు రాశాడు. కార్డంటే ప్రతి గదిలో బల్లమీద ఉండే అభిప్రాయాల కార్డు. రాసి కౌంటర్ పక్కనున్న పెట్టెలో వేస్తే చాలు. పెట్టె తాళం యజమానురాలి దగ్గర ఉంటుంది. సోమవారం పదింటికి ఆవిడ వచ్చి తెరుస్తుంది. పనివాళ్ళంతా గోడ వెంబడి నిలబడితే మేనేజరు ఒక్కో కార్డూ బయటికి చదువుతాడు. అతిథి రాసింది అక్షరం పొల్లు పోకుండా చదవాలని, అతిథి ఇంకా హోటల్లోనే ఉంటే వెళ్ళేలోగా జవాబివ్వాలని ఆవిడ పెట్టిన నియమం. పనివాళ్ళు వచ్చే దారిలో గోడ మీద పెద్దక్షరాలతో రాయించింది కూడా. ఒక మనిషి మీద రెండు కార్డులు పడితే ఆ మనిషికి పని ఉండదు. పెద్దక్క మీద ఒకటి పడింది.

పెద్దక్క వెళ్ళాక అత్తగారు ఆ పేము కుర్చీలో చేతులు రెండూ ఆనించుకుని కూర్చుని, "ఇంత మంచి కుర్చీ రోజంతా ఖాళీగా సముద్రాన్ని చూస్తూ ఉంటుందన్నమాట," అంది.

ఆదివారం తెల్లారేసరికి ఇస్త్రీకి మెలకువ వచ్చేసింది. పరుపు మరీ మెత్తగా ఉండి నడుం పట్టేసింది. ఎవరైనా అయితే కాసేపు దొర్లుతారు. ఇస్త్రీ లేచి పక్క సర్దేసింది. దుప్పటి లాగి, మూల పైకెత్తి, మడిచి, పరుపు కిందికి అరచేత్తో తోసింది. దిండ్లు గుద్ది నిలబెట్టింది. స్నానాల గది గోడల మీద నీటిచుక్క లేకుండా తుడిచింది. తువ్వాళ్ళు మూడు మడతలు పెట్టి కడ్డీకి వేసింది. ఇద్దరి చెప్పులూ, అత్తగారి మందుల డబ్బా, రెండు సంచీలూ తీసుకెళ్ళి అలమరలో పెట్టి తలుపు మూసింది.

అత్తగారు తలుపు దగ్గర నిలబడి చూసి, "మనం ఈ గదిలో పడుకున్నామంటే కోర్టులో కూడా నమ్మరే," అంది. "నా దువ్వెన ఎక్కడ పాతిపెట్టావు?"

"అలమరలో ఉంది అత్తయ్యా. బల్లమీద సామానుంటే చూడ్డానికి బాగుండదు."

"ఎవరు చూడ్డానికి?"

ఇస్త్రీ దువ్వెన తీసిచ్చి, మళ్ళీ అలమర తలుపు మూసింది.

టిఫిన్ తిని ఇద్దరూ సముద్రం దగ్గరికి వెళ్ళారు. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అత్తగారు అలల్లో చిన్నపిల్లలా గంతులేసింది. ఇస్త్రీ ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది. పదకొండేళ్ళలో ఈ సముద్రాన్ని ఆమె కిటికీ అద్దం తుడుస్తూ చూసిందే తప్ప కూర్చుని చూడలేదు. వాన కూడా లేదు, గాలి కూడా లేదు, అయినా చాలాసేపటి నుంచి విమానాల చప్పుడే లేదని ఆమెకు అనిపించింది. ఆ అనుమానం నిజమే. ఎయిర్‌పోర్టులో ఏదో చెడిపోయి విమానాలన్నీ ఆపేశారు. ప్రయాణికులు సూట్‌కేసులు లాక్కుంటూ దగ్గర్లో ఉన్న ప్రతి హోటలుకీ ఎగబడ్డారు.

పదకొండున్నరకి తిరిగొచ్చి ఏడో గది తలుపు తీస్తే, లోపల నడుముకు తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దమనిషి పళ్ళు తోముకుంటున్నాడు.

"ఎవరు మీరు?" అన్నాడు నురుగుతో.

"అది తర్వాత. ముందు నా మంచం మీంచి నీ బూట్లు తియ్యి," అంది అత్తగారు.

అరుపులకి మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. చేతిలో పొద్దుటి గదుల పట్టీ ఉంది. ఏ గదిలో మనుషులున్నారు, ఏది ఖాళీ, ఏది సిద్ధం అన్నది అంతస్తు పనిమనిషే తలుపు తీసి చూసి రాయాలి. ఏడో గది ఎదురుగా పెద్దక్క వంకర అక్షరాల్లో 'ఖాళీ, సిద్ధం' అని ఉంది. కిందటేడు బహుమతి వచ్చిన తోటమాలి ఆ పరుపు మీద నిద్రపట్టక రెండోనాడు పొద్దున్నే తాళంచెవి జేబులో వేసుకుని ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయాడు. గది అద్దంలా ఉండేసరికి, ఇస్త్రీ కూడా మొహమాటపడి వెళ్ళిపోయిందనే అనుకుంది పెద్దక్క. అలమర తెరిచి చూడాలని ఆమెకు తెలుసు. కింద నలభై మంది అరుస్తున్నారు, మెట్ల దగ్గర మేనేజరు తొందరపెడుతున్నాడు. తెరవలేదు.

మేనేజరు ఇస్త్రీని వరండాలోకి పిలిచి గొంతు తగ్గించాడు. "చూడు, ఆయన డబ్బు కట్టిన మనిషి. నువ్వు మన మనిషివి. ఇల్లు పది నిమిషాల దారే కదా. సంచీలు తీసుకో, ఇంకోసారెప్పుడైనా చూద్దాం."

ఇస్త్రీ అప్పటికే గదిలోకి వెళ్ళి అలమర పిడి మీద చెయ్యి వేసింది. సర్దుకోవడం ఆమెకు ఊపిరి పీల్చడమంత అలవాటు. పిడి పట్టుకున్నాక, తెరిచి ఉన్న తలుపులోంచి వరండా చివర పెద్దక్క కనిపించింది. దుప్పట్లు, తువ్వాళ్ళు తోసుకెళ్ళే బండికి ఆనుకుని, మొహం పాలిపోయి, పెదవులు కదుపుతోంది. తను వెళ్ళిపోతే ఈ గొడవంతా ఒక్క వాక్యమై ఆ పట్టీ మీద మిగులుతుంది. ఆ వాక్యం పెద్దక్క మెడకు చుట్టుకుంటుంది. ఇస్త్రీకి ఒళ్ళు మండింది. మేనేజరు మీద, తన మీద, ఆ దిక్కుమాలిన మూల మడతల మీద కూడా.

ఆమె పిడి వదిలేసింది.

"ఇది నా గదండీ," అంది. "రేపు పదకొండు దాకా నాది. అలా అని మీరే కాయితం మీద రాసిచ్చారు."

"ఏంటీ?"

"యజమానురాలి గది ఎప్పుడూ తాళమేసే ఉంటుంది కదా. నిన్నటి దాకా దాన్ని తుడిచింది నేనే. దుప్పట్లు మార్చే ఉన్నాయి. ఈయన్ని అందులో ఉంచండి."

పెద్దమనిషి నురుగు ఉమ్మేసి వచ్చి, "నాకేదైనా ఒకటే, ముందు ఎవరైనా తేల్చండి మహాప్రభో," అన్నాడు. మంచివాడే పాపం. తన బూట్లు తనే చేత్తో పట్టుకుని తువ్వాలుతోనే నడిచి వెళ్ళాడు.

సాయంత్రం నాలుగింటికి మేనేజరు తోటలోకి వచ్చాడు. ఈసారి మొహాన నవ్వు పులుముకుని, చేతిలో టీ కప్పు, సాసర్లో అభిప్రాయాల కార్డు.

"పొద్దున మీకు చాలా ఇబ్బందైంది," అన్నాడు. "నిజంగా బాధపడాల్సింది మీరే. ఉన్నది ఉన్నట్టు రాయండి. గదిలో మనుషులుండగానే ఖాళీ అని రాసింది ఎవరో, అది చాలు. ఆవిడకి కూడా వయసైపోయింది, ఎంతకాలమని మోస్తాం? సూపర్‌వైజరు పోస్టు ఆర్నెల్లుగా ఖాళీ. మీలాంటివాళ్ళు కావాలి."

ఇస్త్రీ కార్డు తీసుకుంది. "రాస్తాను," అంది.

"రాత్రిలోగా పెట్టెలో పడాలి మరి," అన్నాడు. ఈల వేసుకుంటూ పోయాడు.

అయిదింటికి పెద్దక్క తువ్వాళ్ళు మార్చడానికి వచ్చింది. తువ్వాళ్ళు మంచం మీద విసిరికొట్టింది. అలా విసరడం ఇస్త్రీ ఎప్పుడూ చూడలేదు.

"నా కొంప ముంచావు కదే!" అంది. "గెస్టువి గెస్టులా ఏడవొచ్చు కదా! పక్క మీద నలుగురు కుస్తీ పట్టినట్టు వదిలేసి పోవాలి. తడి తువ్వాలు నేలకేసి కొట్టాలి. నీకెందుకే ఈ సర్దుడు రోగం?"

"నువ్వు నేర్పిందే కదక్కా."

"గెస్టులకి సర్దమని నేర్పాను. నీకు నువ్వు సర్దుకోమని నేర్పానా?"

ఇస్త్రీకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది నిజం. తప్పు పూర్తిగా తనది, శిక్ష పడబోయేది ఈమెకి. అంతకన్నా సిగ్గుచేటు ఇంకేముంటుంది? "కూర్చో అక్కా," అంది, బాల్కనీ కుర్చీ చూపిస్తూ.

పెద్దక్క కూర్చోలేదు. బల్లమీద కార్డు చూసింది. "ఇచ్చి వెళ్ళాడా? రాస్తావా?"

"రాస్తాను."

పెద్దక్క మొహంలో ఒక్కసారిగా కోపం కూడా పోయింది. "రాయమ్మా," అంది నెమ్మదిగా. "ఎవరి బతుకు వాళ్ళది. సూపర్‌వైజరువైతే కాస్త నెమ్మదైన పిల్లని వెయ్యి ఈ అంతస్తుకి. ఈ మెట్లు మంచివి కావు." మురికి తువ్వాళ్ళు ఎత్తుకుని వెళ్ళిపోయింది. బండి చక్రం కిర్రుమంటున్న చప్పుడు వరండా చివరిదాకా వినిపించింది.

ఇస్త్రీ బాల్కనీలో కూర్చుని కార్డు రాసింది. బడి మానేశాక ఇంత పొడుగు రాయడం ఇదే. రెండు పక్కలా నిండింది. ఇది పెట్టెలో పడితే సూపర్‌వైజరు పోస్టు సంగతి దేవుడెరుగు, ఉన్న పని ఉంటుందో లేదో చెప్పలేం. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. కార్డు అడుగున వేలు పెట్టి, "ఇక్కడ ఇంకో మాట పడుతుంది, ఖాళీగా వదలకు," అని ఆ మాటేమిటో చెప్పింది. ఇస్త్రీ రాసింది. దీపాలు పెట్టేవేళకి వెళ్ళి పెట్టెలో వేసి వచ్చింది.

సోమవారం పొద్దున ఇస్త్రీ లేచింది, స్నానం చేసింది, మంచం దగ్గరికొచ్చి నిలబడింది. దుప్పటి ఒక చివర నేల మీద ఉంది. చేతులు జిలపెట్టాయి.

"ముట్టుకున్నావంటే నీ చేతులు విరిచేస్తా," అంది అత్తగారు.

ఇస్త్రీ నవ్వింది. రెండు దిండ్లు తీసి మంచానికి అడ్డంగా గిరాటేసింది. తడి తువ్వాలు కుర్చీ మీద వేయబోయి, మనసొప్పక, పక్క మీద వేసింది. తలుపు దగ్గర ఆగి వెనక్కి చూసుకుంటే గుండెలో ఏదో తీపిగా, భయంగా కూడా అనిపించింది.

పదింటికి హాల్లో పనివాళ్ళంతా గోడ వెంబడి నిలబడ్డారు. చివర పెద్దక్క, ఎడమకాలి మీద భారం వేసి. యజమానురాలు నెరిసిన జుట్టుతో, నీరుకావి చీరతో, కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇస్త్రీ, అత్తగారు వచ్చి ఎదురుగా ఉన్న సోఫాలో కూర్చున్నారు.

మేనేజరు గబగబా దగ్గరికొచ్చాడు. "నువ్వు వాళ్ళతో నిలబడాలి," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"పదకొండు తర్వాత నిలబడతానండి."

యజమానురాలు చేతిసంచీలోంచి తాళంచెవి తీసి పెట్టె తెరిచింది. నాలుగు కార్డులున్నాయి. మూడు మామూలివి. కాఫీ చల్లారింది, సముద్రం బాగుంది, దోమలున్నాయి. నాలుగోది చేతికి రాగానే మేనేజరు గొంతు సవరించుకుని, గోడ చివరికి ఒక చూపు చూసి, మొదలుపెట్టాడు.

"ఏడో గది. నేనున్న గది ఖాళీ అని పొరపాటుగా రాశారు. ఆ తప్పు నాది." అక్కడ ఆగాడు. యజమానురాలు తలెత్తింది. అతను మళ్ళీ అందుకున్నాడు. "అలవాటుకొద్దీ నా పక్క నేనే సర్దుకున్నాను. సామాను అలమరలో దాచాను. ఎవరు చూసినా ఖాళీ అనే అనుకుంటారు. ఆ అంతస్తు ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడ మీద కార్డు రాస్తే నన్ను... నన్ను..."

"ఏం, ఆగారు?" అంది యజమానురాలు.

"చేతిరాత సరిగ్గా లేదమ్మా."

"ఇలా ఇవ్వు నాయనా, నేను చదువుతా," అంది అత్తగారు సోఫాలోంచి. "కళ్ళజోడు తెచ్చుకున్నాను."

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు చెవులు ఎర్రబడ్డాయి. చదివాడు. చదవక చస్తాడా? గోడమీద నియమం ఉంది, ఎదురుగా ఆవిడ ఉంది.

"...నన్ను సూపర్‌వైజరును చేస్తానని మేనేజరుగారు చెప్పారు. రాయను. ఈ రెండు రోజులూ నేను కుర్చీలో కూర్చుని సముద్రాన్ని చూశాను. చాలా బాగుంది. ఆవిడ రోజుకు పద్నాలుగు గదులు చేస్తుంది. ఆవిడ కూర్చోవడానికి ఈ హోటల్లో ఒక్క కుర్చీ లేదు. పోయిన నెల ఆవిడ కూర్చుందని ఎవరో రాశారు. కూర్చుంది. మోకాళ్ళున్న మనిషి కూర్చుంటుంది. అతిథిగా నా కోరిక ఒకటే. దుప్పట్ల గదిలో కుర్చీలు వెయ్యాలి." చివరి మాట దగ్గర గొంతు పూర్తిగా పడిపోయింది. "చేతులున్నవి."

యజమానురాలు కార్డు తీసుకుని తను మళ్ళీ చదువుకుంది. ఇస్త్రీ వైపు చూసింది. "నువ్వు మా దగ్గర పనిచేసే మనిషివి కదూ?"

లేచి నిలబడదామని ఇస్త్రీ మోకాళ్ళు కదిలాయి. నిలబడలేదు.

"పదకొండు తర్వాత అమ్మా," అంది. "ఇప్పుడు పదిన్నరే అయింది."

ఇస్త్రీ గోడ చివరికి తిరిగింది. "పెద్దక్కా, రా. ఇక్కడ కూర్చో. గెస్టు అడుగుతోంది."

పెద్దక్క యజమానురాలిని చూసింది. మేనేజరుని చూసింది. తన కాళ్ళకేసి చూసుకుంది. తర్వాత అంత పెద్ద హాలూ అడ్డంగా నడిచి, కొంగు దులుపుకుని, సోఫాలో అంచుమీద కాకుండా పూర్తిగా వెనక్కి జారగిలబడి కూర్చుంది. "అమ్మయ్య," అంది గట్టిగానే. ఆదివారం నుంచి ఆగిపోయిన విమానాల్లో మొదటిది అప్పుడే పైనుంచి పోయింది. అద్దాలు గలగలమన్నాయి.

యజమానురాలి చూపు పెద్దక్క మోకాళ్ళ మీద ఆగింది. మేనేజరు, "పనివేళల్లో కూర్చుంటే గెస్టులు ఏమనుకుంటారమ్మా," అని సణిగాడు.

"గెస్టు ఏమనుకుందో ఇప్పుడే చదివారుగా," అంది ఆవిడ. "నా గదిలో ఎవరినో పెట్టారట, ఆ సంగతీ, ఈ పోస్టు సంగతీ మనం తర్వాత మాట్లాడుకుందాం. అతిథి వెళ్ళేలోగా జవాబివ్వాలి. ఇరవై అయిదు నిమిషాలుంది."

మేనేజరు తనే వెళ్ళాడు. భోజనాల హాల్లోంచి ఒక కుర్చీ, మళ్ళీ వచ్చి ఇంకో కుర్చీ, వరండా గుండా మోసుకుపోతుంటే అందరూ చూస్తూ నిలబడ్డారు. రెండింటికీ చేతులున్నాయి.

పదకొండుకి ఇస్త్రీ తాళంచెవి కౌంటర్లో ఇచ్చేసింది. అత్తగారిని భర్త టాక్సీ ఎక్కించి పంపి, వెనక తలుపులోంచి వచ్చి, పనివాళ్ళ నీలం కోటు తొడుక్కుని, మెట్లెక్కింది. పని ఉందో లేదో ఎవరూ చెప్పలేదు. వెళ్ళిపొమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఏడో గది తలుపు తీసి పెద్దక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఎవతమ్మా ఈ గెస్టు, గదిని ఇంత ఛండాలం చేసి పోయింది?" అంది.

"ఎవరో మహారాణిలే," అంది ఇస్త్రీ. నేల మీది దుప్పటి అందుకుని ఒక్క గుంజు గుంజింది. "నువ్వు కూర్చో. మూల నేను మడుస్తాను."

పెద్దక్క ఒకసారి వరండాలోకి తొంగిచూసింది. తర్వాత తలుపు మూయకుండానే వెళ్ళి బాల్కనీలో పేము కుర్చీలో కూర్చుంది.